పంపు మార్చే ముందు దాని అడుగున ఉన్న జల్లెడ చూడండి

పాత కారు మామూలు రోడ్డు మీద బాగానే పోతూ, ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో పిక్కప్ చచ్చిపోయి జెర్కులు ఇస్తుంటే, ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట "ఫ్యూయల్ పంపు పోయింది, మార్చేయండి" అనే. నిజంగా పంపు పోయిన బండ్లు ఉంటాయి, కాదనను. కానీ పంపు నోటికి తొడిగిన చిన్న జల్లెడ మూసుకుపోయినా బండి అచ్చం ఇలాగే చేస్తుంది, పైగా ఆ జల్లెడ ఖరీదు పంపు ఖరీదులో చాలా చిన్న వంతు. ఇంకో సంగతి, మంచి పంపును తీసేసి కొత్తదాన్ని అదే మురికి ట్యాంకులోకి దింపితే కొన్నాళ్లకి అదీ అదే దారి పడుతుంది. నా పాత బండికి ఈమధ్య ఈ పని నేనే చేసుకున్నాను, చేస్తున్నంతసేపూ దీన్ని వివరంగా రాసి పెట్టాలి, ఎవరికైనా పనికొస్తుంది అనుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ రాసేదంతా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్ల గురించి. ఇంకా పాత కార్బ్యురేటర్ బండ్లలో చాలావాటికి పంపు ఇంజిను మీదే ఉంటుంది, దాన్ని క్యామ్‌షాఫ్ట్ ఆడిస్తుంది, ప్రెషర్ కూడా చాలా తక్కువ, ఆ కథ వేరు. డీజిల్ అసలే వేరు.

ఇంజెక్షన్ బండిలో ఎలక్ట్రిక్ పంపు ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉంటుంది. దాని కింద, పెట్రోలు లోపలికి వెళ్లే చోట, నైలాన్ మెష్‌తో చేసిన చిన్న సంచిలాంటిది ఉంటుంది. మెకానిక్కులు స్ట్రెయినర్ అంటారు, కొందరు జాలీ అంటారు, పార్ట్స్ కేటలాగుల్లో సాక్ అని కూడా కనిపిస్తుంది. పంపు దాటాక దారిలో ఇంకో ఫిల్టర్ ఉంటుంది, బండి కిందో ఇంజిను దగ్గరో, కాగితం మడతలున్న డబ్బా, అది చాలా సన్నటి దుమ్మును కూడా ఆపుతుంది. స్ట్రెయినర్ రంధ్రాలు దానికంటే పెద్దవి, అది ఆపేది ముతక చెత్తను. ఆ డబ్బా ఫిల్టర్‌ని మార్చాలని సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మారుస్తారు. ట్యాంకులో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఫ్యాక్టరీలో పెట్టింది పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోతుంది.

ఈ రెండు ఫిల్టర్లు మూసుకుపోవడంలో తేడా ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. పంపు తర్వాత అడ్డం ఉంటే పంపు దాన్ని నెట్టుకుంటూ పోతుంది, దానికి ఆ బలం ఉంది, మామూలుగా ఈ బండ్లలో 2.5 నుంచి 4 బార్ ప్రెషర్ దాకా పనిచేస్తుంది. పంపుకు ముందు అడ్డం ఉంటే నెట్టడానికి ఏమీ లేదు, పీల్చాలి. పీల్చేటప్పుడు ట్యాంకులో ఉన్న పెట్రోలును పంపులోకి తోసేది బయటి గాలి ఒత్తిడి ఒక్కటే, అది ఒక బార్, అంతకు మించి ఎంత గుంజినా రాదు. పెట్రోలు తేలిగ్గా ఆవిరయ్యే సరుకు, ఒత్తిడి తగ్గిందంటే అక్కడే బుడగలు కట్టేస్తుంది, వేడిగా ఉంటే ఇంకా తొందరగా. ఆ బుడగల్ని మింగిన పంపు ప్రెషర్ నిలబెట్టలేదు. పైగా పంపు మోటారును చల్లబరిచేది, లోపలి భాగాలకు జారుడు ఇచ్చేది దానిగుండా వెళ్లే పెట్రోలే కాబట్టి, జల్లెడ మూసుకుపోయిన పంపు వేడెక్కి అరగడం మొదలుపెడుతుంది. తడిగుడ్డ ముక్కుకు కట్టి మనిషిని పరుగెత్తమంటే ఎలా ఉంటుందో అలాంటిదే ఇది, మనిషి బాగానే ఉన్నాడు, గుడ్డ తీయకపోతే మాత్రం పడిపోతాడు.

అందుకే లక్షణాలు కూడా అలాగే ఉంటాయి. ఐడ్లింగులో, అంటే బండి నిలబడి ఇంజిను ఊరికే తిరుగుతున్నప్పుడు, అది తాగేది కొంచెమే, సగం మూసుకుపోయిన జల్లెడలోంచి కూడా అది వచ్చేస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఎత్తులో, నలుగురు కూర్చున్నప్పుడు చాలదు. కొన్ని బండ్లు బాగా నడిచి నడిచి ఉన్నట్టుండి ఆగిపోతాయి, ఓ పది పదిహేను నిమిషాలు వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతాయి. పీల్పు ఆగగానే మెష్‌కి అతుక్కున్న చెత్త కొంత విడిపోయి కిందకి జారుతుంది, మళ్లీ నడిపితే మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. ట్యాంకులో పెట్రోలు తక్కువున్నప్పుడు ఇబ్బంది పెరిగినా, వెనక సీటు దగ్గర పంపు కూత మునుపటికన్నా పెద్దగా వినిపించినా నా అనుమానం నేరుగా జల్లెడ మీదికే పోతుంది. అయితే వేడెక్కితే ఆగి చల్లారితే స్టార్ట్ అయ్యే జబ్బు ఇంజిను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సరుకీ ఉంటుంది, స్పార్కుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కీ ఉంటుంది. అందుకని లక్షణాన్ని నమ్ముకుని ట్యాంకు విప్పేయకండి.

మొదట చేయాల్సింది పైసా ఖర్చు లేనిది. బండి అలా నీరసించినప్పుడే పక్కకు ఆపి, ఇంజిను ఆపేసి, పెట్రోలు మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి బాగా నడిస్తే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయిందన్నమాట, స్ట్రెయినర్‌తో పని లేదు. తర్వాత ఫ్యూజు, రిలే, పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ పంపు దగ్గర ఉన్నదానికీ ఒక వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే ముందు వైరింగు, ఎర్త్ చూసుకోవాలి. కొన్ని బండ్లలో ఐడ్లింగులో పంపు వోల్టేజిని కావాలనే తగ్గిస్తారు, ఆ సంగతి మాన్యువల్లో చూసుకుని కొలవండి. ఆ తర్వాత ప్రెషర్ గేజి. ఫ్యూయల్ రైలు, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం, దాని మీద టైరు వాల్వులాంటి నాజిల్ ఉంటే తగిలించడం సులువు. ఐడ్లింగులో సరిగ్గా చూపించి, లోడు మీద ముల్లు కిందకి జారుతుంటే సరఫరా చాలడం లేదని అర్థం. అప్పుడు ముందు బయటి డబ్బా ఫిల్టర్ మార్చండి, అది ఎలాగూ మార్చాల్సిందే, సులువు కూడా. దాని మీద ప్రవాహం దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది, బాణం ఇంజిను వైపు ఉండాలి. అది మార్చినా ముల్లు జారుతూనే ఉంటే ట్యాంకులోకి వెళ్లాలి.

ఆ పాత డబ్బా ఫిల్టర్‌ని పారేయకండి. లోపలికి వెళ్లే వైపు నుంచి తెల్లటి గిన్నెలోకి వంచి, అందులోంచి ఏం వస్తుందో చూడండి. శుభ్రమైన పెట్రోలు వస్తే ఒక రకం, టీ రంగులో మురికి వస్తే ఇంకో రకం. స్ట్రెయినర్ దాటి అంత చెత్త వచ్చిందంటే స్ట్రెయినర్ దగ్గర ఎంతుందో ఊహించుకోవచ్చు. కోసి చూడాలనిపిస్తే గ్రైండర్ మాత్రం పెట్టకండి, నిప్పురవ్వలు వస్తాయి.

నిప్పు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఈ పనిలో నిజంగా భయపడాల్సింది ఇదొక్కటే. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలిగినంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉన్నా చాలు అంటుకోవడానికి. కాబట్టి మూసిన గ్యారేజీలో వద్దు, సర్వీసు గుంట మీద అసలే వద్దు, ఆరుబయట నీడలో, ఇంజిను పూర్తిగా చల్లారాక. వేలాడే ఫిలమెంట్ బల్బు పెట్టుకోకండి, కిందపడి పగిలితే అంతే సంగతులు, ఎల్‌ఈడీ టార్చి దూరం నుంచి వేసుకోండి. పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట ఉండాలి. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు. ట్యాంకు మూత విప్పే ముందు బండి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. సిగరెట్టు తాగేవాళ్లని చుట్టుపక్కలకు రానివ్వకండి, వాళ్లేమనుకున్నా సరే.

పని మొదలుపెట్టే రోజుకి ట్యాంకులో పెట్రోలు పావు వంతుకి తగ్గి ఉండేలా చూసుకోండి. లైన్లో ఉన్న ప్రెషర్ దించడానికి పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకేసి ఇంజిను స్టార్ట్ చేస్తే కొద్ది సేపట్లో అదే ఆగిపోతుంది, ఇంకోసారి సెల్ఫ్ కొట్టి వదిలేయండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చాలా బండ్లలో వెనక సీటు కుషన్ లేపితే ఒక రేకు మూత కనిపిస్తుంది, కొన్నిటికి డిక్కీలో ఉంటుంది. అసలు మూతే లేని బండ్లు కూడా ఉన్నాయి, వాటికి ట్యాంకు దింపాల్సిందే, అది ఒక్కరి పని కాదు, బండిని లేపే లిఫ్ట్ లేకపోతే మొదలుపెట్టకండి.

మూత తీయగానే కనిపించేది ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుక, మట్టి. చాలామంది తొందరలో నేరుగా పంపును పట్టి ఉంచే రింగు తిప్పేస్తారు, ఆ మట్టంతా ట్యాంకులోకి పోతుంది, దేన్ని తీసేయడానికి వచ్చామో దాన్నే లోపల పోసినట్టు అవుతుంది. ట్యాంకు మూసి ఉండగానే బ్రష్‌తో, తడిగుడ్డతో ఓపిగ్గా తుడవండి. తర్వాత గొట్టాలు ఏది ఎక్కడిదో, పంపు అసెంబ్లీ (పంపు, పెట్రోలు గేజి ఫ్లోటు కలిసి ఉన్న మొత్తం) ఏ దిక్కుకి తిరిగి ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి, ట్యాంకు తెరిచాక మాత్రం ఫోన్ దూరంగా పెట్టేయండి. గొట్టాలకుండే ప్లాస్టిక్ క్లిప్పులు పాతబడి పెళుసెక్కి ఉంటాయి, స్క్రూడ్రైవరుతో ఎగదన్నితే టపీమని విరుగుతాయి. ముందు గొట్టాన్ని లోపలికి కొంచెం నొక్కి, అప్పుడు క్లిప్పు నొక్కి లాగితే వస్తుంది. ఊడదీసేటప్పుడు కొంచెం పెట్రోలు ఎలాగూ కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి.

పంపు అసెంబ్లీని పట్టి ఉంచేది పెద్ద లాక్ రింగు, కొన్ని బండ్లలో చుట్టూ బోల్టులు. ప్లాస్టిక్ రింగుకి సరైన టూలు ఉంటే హాయి. లేకపోతే చెక్కముక్క ఆనించి చిన్నగా తట్టుకుంటూ తిప్పుకోవచ్చు. ఇనుప రింగైతే ఇత్తడి కడ్డీ ఆనించాలి, ఉలీ సుత్తీ పెట్టకండి, రవ్వ లేస్తుంది. అసెంబ్లీ పైకి తీసేటప్పుడు గేజి ఫ్లోటు చేయి ఒకటి పక్కకి పొడుచుకుని ఉంటుంది, దానికోసం మొత్తాన్ని కొంచెం వంచి తిప్పుతూ తీయాలి. నిలువుగా లాగితే ఆ చేయి వంగుతుంది, ఆ తర్వాత పెట్రోలు గేజి ఎప్పటికీ నిజం చెప్పదు. తీయగానే ట్యాంకు నోటి మీద శుభ్రమైన ప్లాస్టిక్ కప్పేయండి.

ఇప్పుడు అసలు విషయం చేతిలోకి వస్తుంది. పాత స్ట్రెయినర్‌ని వెంటనే చెత్తబుట్టలో పడేయకండి. తెల్ల కాగితం మీద పెట్టి తీరిగ్గా చూడండి, ట్యాంకు లోపల ఇన్నేళ్లు ఏం జరిగిందో అదే చెబుతుంది. ఎర్రటి గోధుమ రంగు పొడి ఉండి, అది అయస్కాంతానికి అతుక్కుంటే చాలావరకు తుప్పు అనుకోండి, ఇనుప ట్యాంకు లోపల తినేస్తోంది. అయస్కాంతానికి అంటని ఇసుక, మట్టి అయితే బయటినుంచి వచ్చింది. మూత రబ్బరు చినిగి ఉండొచ్చు, ఎప్పుడో డబ్బాలతో పోయించిన పెట్రోల్లో వచ్చి ఉండొచ్చు. తేనె రంగులో బంకగా, పాత రంగు డబ్బా వాసన వేస్తుంటే పెట్రోలు నెలల తరబడి నిలవుండి చెడిపోయి జిగురు కట్టింది. నల్లగా మెత్తగా వేళ్లకి అంటుకుంటుంటే ఏదో రబ్బరు గొట్టం లోపలినుంచి కరిగిపోతోంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత బండ్ల రబ్బరును మెత్తబరుస్తుంది, పాత జిగురు పొరల్ని కూడా ఊడగొడుతుంది. అందుకే ఇన్నేళ్లు బాగున్న బండి ఇంధనం మారాక ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలుపెట్టొచ్చు. ఇథనాల్‌కి నీళ్లను పీల్చుకునే గుణం కూడా ఉంది, ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి, సరిగ్గా స్ట్రెయినర్ కూర్చునే చోటికి.

నా బండి స్ట్రెయినర్ మీద కనిపించింది తుప్పు పొడి, దానికి పట్టుకున్న జిగురు. రెండూ కలిస్తే మెష్ కనపడకుండా పూత పూసినట్టు అయిపోతుంది. ఆ పూత చూశాక పంపుని తప్పు పట్టబుద్ధి కాలేదు, ఇన్నాళ్లు అందులోంచే పీల్చి బండి నడిపింది మరి.

కడిగి మళ్లీ వేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. దారి మధ్యలో ఇంటికి చేరడానికైతే సరే. ఆ మెష్ చాలావాటిలో ఒకే పొర ఉండదు, లోపలి పొరల్లో ఇరుక్కున్నది కడిగితే రాదు, కంప్రెసరు గాలి కొడితే పాతబడ్డ నైలాన్ చిరుగుతుంది, చిరిగిన జల్లెడ మూసుకుపోయినదానికంటే ప్రమాదం. ఇంకొందరు దాన్ని పీకేసి ఊరికే పంపు బిగించేస్తారు, రెండు రోజులు బండి రివ్వున పోతుంది కూడా. పంపు లోపల తిరిగే భాగాలకు మధ్య సందు చాలా సన్నం, ఇసుక రేణువులు పోతే గీతలు పడి ప్రెషర్ పోతుంది, తుప్పు ముక్క ఇరుక్కుంటే మోటారే ఆగిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

స్ట్రెయినర్ ఒక్కటే విడిగా దొరికితే పంపు పార్టు నంబరు చూసి కొనండి, మూతి కొలత, సంచి తిరిగి ఉండే కోణం రెండూ కలవాలి. పాతదాన్ని పట్టి ఉంచేది పళ్లున్న చిన్న రేకు వాషరు. దాన్ని మెల్లగా చుట్టూ లేపుకుంటూ తీయాలి, పక్కకి మెలితిప్పితే పంపు ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. కొత్త వాషరును మూతికి సరిపడే సాకెట్ ఆనించి నిటారుగా నొక్కండి, సుత్తితో కొట్టొద్దు. సంచి ట్యాంకు అడుగున వాలి కూర్చోవాలి, ఫ్లోటు చేయికి తగలకూడదు, తొడిగాక చేయిని పైకీ కిందకీ ఆడించి చూసుకోండి. అసెంబ్లీ లోపల పంపు నుంచి పైకి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం పగుళ్లు బారి ఉంటే అదీ మార్చండి. ఇక్కడ బజార్లో దొరికే మామూలు ఫ్యూయల్ హోస్ పనికిరాదు. ఇంజెక్షన్ బండ్లకు వాడే ఎస్‌ఏఈ 30ఆర్9 గొట్టం కూడా లోపల పెట్రోలు పారడానికి చేసింది, బయటినుంచి పెట్రోల్లో నానడానికి కాదు. ట్యాంకు లోపలికి 30ఆర్10 అని ముద్రించినదే కావాలి. ఐడ్లింగులో ప్రెషర్ బాగుండి కూడా బండి లాగకపోతే చాలామంది ఈ గొట్టాన్ని చూడరు, పగులులోంచి పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పోతుంటుంది, బయటికి చుక్క కారదు కాబట్టి ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ప్రెషర్ గేజి కూడా లోడు మీదే నిజం చెబుతుంది.

ట్యాంకు శుభ్రం చేయకుండా మూయడం నాకు ఇష్టం లేదు. మిగిలిన పెట్రోలు చేతి పంపుతో తీసి, నోటితో పీల్చకండి ఎప్పుడూ, మూత ఉన్న సరైన డబ్బాలో పోసి పెట్టి, అడుగున ఉన్నదాన్ని నూగు రాని గుడ్డతో తుడవాలి. కాటన్ వేస్టు వాడితే ఆ పోగులే రేపు కొత్త జల్లెడకి చుట్టుకుంటాయి. వ్యాక్యూమ్ క్లీనరు పెట్టాలన్న ఆలోచన కూడా రానివ్వకండి, దాని మోటారులో రవ్వలుంటాయి. ప్లాస్టిక్ ట్యాంకైతే తుడిస్తే చాలు. ఇనుప ట్యాంకు లోపల చేయి పెడితే పొరలు పొరలుగా రాలుతుంటే మాత్రం తుడిచి లాభం లేదు, ట్యాంకు మార్చడమో, దింపి లోపల బాగు చేయించడమో చేయాలి. వెల్డింగుకి ఇచ్చేటట్టయితే ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదమని గుర్తుంచుకోండి, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది, ఆ పని తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నా ట్యాంకులో పైపైన పట్టిన తుప్పే ఉంది, తుడిచి మూశాను.

బిగించేటప్పుడు కొత్త ఓ-రింగు, అంటే ట్యాంకు నోటి దగ్గర పెట్రోలు కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు సీలు, తప్పనిసరి. పాతది ట్యాంకు నోట్లోంచి బయటికి రాగానే పెట్రోలు పీల్చి ఉబ్బి ఉంటుంది, మళ్లీ గాడిలో కూర్చోదు, బలవంతంగా నొక్కితే మడతపడి కారు నిండా వాసన. ఫొటోలో ఉన్న దిక్కుకే అసెంబ్లీ పెట్టి, రింగు బిగించి, గొట్టాలు క్లిక్‌మని వినిపించేదాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి. సీటు అప్పుడే వేయకండి. బ్యాటరీ, ఫ్యూజు పెట్టాక తాళం చెవి ఆన్‌కి తిప్పితే పంపు రెండు సెకన్ల పాటు తిరిగి ఆగుతుంది, ఆఫ్ చేసి మళ్లీ ఆన్, అలా కొన్నిసార్లు చేస్తే లైన్లలో గాలి పోయి ప్రెషర్ నిండుతుంది. వెంటనే దిగి గొట్టాల చుట్టూ తడి ఉందా, వాసన వస్తోందా చూడండి. తర్వాత స్టార్ట్ చేసి కాసేపు నడవనిచ్చి మళ్లీ చూడండి. ట్యాంకు సగానికి పైగా నింపాక ఇంకోసారి చూడాలి, ఓ-రింగు దగ్గర లీకేజీ ఉంటే మలుపుల్లో, నిండు ట్యాంకులోనే బయటపడుతుంది.

నా బండి ఇప్పుడు ఎత్తుల్లో మూడో గేరులోనే లాగేస్తోంది, వెనక సీటు దగ్గర కూత దాదాపు వినపడటం లేదు. పంపు పాతదే. తుప్పు పట్టిన ట్యాంకు కాబట్టి ఈసారి బయటి డబ్బా ఫిల్టర్‌ని సర్వీసు పుస్తకం చెప్పినదానికంటే ముందే తీసి తెల్ల గిన్నెలోకి వంచి చూస్తాను, మురికి మళ్లీ ఎక్కువగా కనిపిస్తే ట్యాంకు మార్చేయడమే.